పేరు రచయిత్రిది, మాట ఎవరిది?

నవల ఒక స్త్రీ రాసింది. తెర మీద ఆమె పేరు పడుతుంది. ఆమె సృష్టించిన ఊళ్ల పేర్లూ మనుషుల పేర్లూ వినిపిస్తాయి. కానీ ఆ నవల ద్వారా ఆమె చెప్పదలచుకున్న మాట మాత్రం ఎంత వెతికినా కనిపించదు. నవలల్ని టీవీకీ, ఇప్పుడు ఓటీటీ మినీ సీరీస్‌లకూ మలచడం పెరిగిన కొద్దీ ఈ సంగతిని ‘మాధ్యమం మారినప్పుడు మార్పులు తప్పవు’ అనే ఒక్క వాక్యంతో తేల్చేస్తున్నారు. మార్పులు తప్పవు, నిజమే. కానీ ఆ మార్పుల్లో మొట్టమొదట కొట్టివేతకు గురయ్యేవి ఏవి? కొట్టివేసే అధికారం ఎవరిది? ఈ రెండు ప్రశ్నలూ వేసుకున్నప్పుడు ఇది సాహిత్య చర్చ మాత్రమే కాదని, హక్కుల సమస్య అని అర్థమవుతుంది. అందుకు ఒక అమెరికన్ రచయిత్రి అనుభవాన్ని వివరంగా చూద్దాం.

అర్సులా లె గ్విన్ (1929–2018) మానవశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ కూతురు. తల్లి థియొడోరా క్రోబర్, తన తెగలో చివరికి ఒక్కడే మిగిలిన ఇషీ అనే కాలిఫోర్నియా ఆదివాసి జీవితాన్ని 1961లో పుస్తకంగా తెచ్చారు. అలాంటి ఇంట్లో పెరిగిన లె గ్విన్ 1968లో ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ నవలను ప్రచురించారు. ఎర్త్‌సీ అనేది వందలాది దీవులతో నిండిన ఒక ఊహాలోకం. గెడ్ అనే మేకల కాపరి కుర్రాడు అక్కడ మంత్రవిద్య నేర్చుకుంటాడు. ఇంగ్లీషు మాయాలోకపు కథల్లో వీరుడంటే తెల్లవాడే అన్న ఆనవాయితీ బలంగా ఉన్న రోజుల్లో, లె గ్విన్ గెడ్‌కి రాగిరంగు చర్మాన్నిచ్చారు. అతని ప్రాణస్నేహితుడు వెచ్ నల్లవాడు. తెల్లవాళ్లు ఆ లోకంలో ఒక మూలనున్న కొన్ని దీవులకే పరిమితం. ఈ సంగతిని ఆమె చాటింపు వేసి చెప్పలేదు. తెల్లజాతి పాఠకులు గెడ్‌ని తమవాడనుకుని అతని వెంట కొంత దూరం నడిచాక, నెమ్మదిగా తెలిసేలా రాశారు. అది ఆలోచించి చేసిన రాజకీయ నిర్ణయం.

1971లో వచ్చిన రెండో నవల ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’ టెనార్ అనే అమ్మాయి కథ. చీకటి శక్తుల ప్రధాన పూజారిణి మళ్లీ ఈ పిల్లగా పుట్టిందంటూ ఆమెను చిన్నతనంలోనే తల్లిదండ్రుల నుంచి తీసుకుపోతారు. ఆమె పేరు కూడా తీసేసుకుంటారు. నేలకింది చీకటి దారులన్నిటికీ ఆమే యజమానురాలు, కానీ ఆ ప్రాకారం దాటి అడుగు బయట పెట్టలేదు. సమాజశాస్త్ర విద్యార్థినిగా ఈ నవల చదివినప్పుడు నాకు తెలంగాణ పల్లెల జోగినులు గుర్తొచ్చారు. రెండూ ఒకటి కావు. జోగిని మీద జరిగే లైంగిక దోపిడీ టెనార్ కథలో లేదు. కానీ దేవుడి పేరు చెప్పి ఆడపిల్లను సొంతం చేసుకోవడం, పవిత్రురాలంటూనే ఆమె బతుకును లాక్కోవడం రెండుచోట్లా ఉన్నాయి. మన రాష్ట్రంలో అలా అర్పించడాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం చేయాల్సి వచ్చిందని మరిచిపోలేం. నవలలో టెనార్ తన చెరలో చిక్కిన గెడ్‌ను చంపకుండా వదిలి, తనూ బయటికొస్తుంది. ఒకరు లేకుండా మరొకరు ఆ చీకటి నుంచి బయటపడలేరు. వాళ్ల మధ్య ఉన్నది నమ్మకం, ప్రేమకథ కాదు.

ఈ రెండు నవలలూ కలిపి అమెరికాలో సై-ఫై ఛానెల్ తీసిన మినీ సీరీస్ 2004 డిసెంబర్ 13, 14 తేదీల్లో రెండు రాత్రులు ప్రసారమైంది. స్క్రిప్టు గావిన్ స్కాట్‌ది, దర్శకత్వం రాబర్ట్ లీబర్మన్‌ది. అందులో గెడ్ తెల్లవాడైపోయాడు. గెడ్ గురువు ఓజియన్ పాత్రలో డానీ గ్లోవర్ తప్ప, ముఖ్య పాత్రల్లో నల్లవాళ్లు కనిపించరు. ఎర్త్‌సీలో మనిషి అసలు పేరు ప్రాణంతో సమానం. దాన్ని బాగా నమ్మినవాళ్లకే చెబుతారు. ‘గెడ్’ అలాంటి రహస్యనామం. సీరీస్‌లో దాన్నే అందరూ పిలిచే పేరుగా పెట్టి, వాడుక పేరును రహస్యనామం చేశారు. అటువాన్ చీకటి ఆలయం విషప్రయోగాలూ కుట్రలూ నడిచే కన్యాశ్రమంగా మారింది. టెనార్ గెడ్‌కి ప్రియురాలైంది.

ఒక్కో మార్పునూ విడిగా చూస్తే చిన్నదే అనిపించవచ్చు. అన్నీ ఒకచోట పెట్టి చూస్తే వాటి వెనకున్న భావజాలం బయటపడుతుంది. రాగిరంగు మనుషులు పోయారు. మత వ్యవస్థ చేతిలో పేరు పోగొట్టుకున్న ఆడపిల్ల పోయి, ఆమె స్థానంలో వీరుడి ప్రేయసి వచ్చింది. వర్ణ వివక్షా, పితృస్వామ్యమూ ఒకే కత్తెరతో పనిచేస్తాయనడానికి ఇంతకంటే ఏం కావాలి? పైగా లె గ్విన్ తన లోకాన్ని తానే ప్రశ్నించుకున్న రచయిత్రి. తొలి నవలల్లో ఉన్నత మంత్రవిద్య మగవాళ్ల సొత్తు, ఆడవాళ్ల మంత్రాలు నాసిరకం. మూడో నవల వచ్చిన 18 ఏళ్లకు, 1990లో, ‘టెహాను’ రాసి ఆ లోకాన్ని నడివయసు వితంతువైన టెనార్ కళ్లతో తిరిగి చూపించారు. సీరీస్ తీసేనాటికి ఆ పుస్తకం వచ్చి 14 ఏళ్లయింది. రచయిత్రి అంత దూరం నడిచి వస్తే, తీసినవాళ్లు ఆమె బయల్దేరిన చోటుకంటే కూడా వెనక్కి వెళ్లారు.

రచయితలు తమ పుస్తకంలో కామా కూడా కదపనివ్వరని నిర్మాతలు అంటుంటారు. లె గ్విన్ విషయంలో ఆ మాట నిలవదు. ఆమె మరో నవల ‘ది లేత్ ఆఫ్ హెవెన్’ను అమెరికా ప్రజా టెలివిజన్ 1980లో చిత్రంగా తీసినప్పుడు ఆమె ఆ పనిలో పాలుపంచుకున్నారు. తక్కువ డబ్బుతో తీసిన ఆ చిత్రాన్ని ఆమె ఇష్టంగానే చెప్పుకునేవారు. ఎర్త్‌సీ దగ్గర ఆమెకు దక్కింది ‘సలహాదారు’ అన్న హోదా మాత్రమే. అది మామూలు కాంట్రాక్టుల్లో ఉండే మాటేననీ, నిర్మాతలు ఎలా అనుకుంటే దాని అర్థం అంతేననీ 2004 డిసెంబర్‌లో ‘స్లేట్’ పత్రికలో ఆమె రాశారు. పథకం వేసే దశలో ఆమెను ఎవరూ అడగలేదు. పైగా పుస్తకాల ద్వారా ఆమె చెప్పదలచుకున్నది ఇదీ అంటూ దర్శకుడు పత్రికలో చెప్పడంతో, నా ఉద్దేశం నేను చెప్పుకుంటానంటూ ఆమె బహిరంగంగా జవాబివ్వాల్సి వచ్చింది. అప్పటికి ఆమె వయసు 75 ఏళ్లు, పేరు ప్రతిష్ఠలకు కొదవ లేదు. ఆమె పరిస్థితే ఇదైతే, తొలి నవల రాసిన ఒక అమ్మాయి గొంతు ఎవరికి వినిపిస్తుంది?

అమెరికాలో రచన రూపురేఖలు చెడగొడితే అడ్డుకునే నైతిక హక్కును 1990 నాటి చట్టం చిత్రకారులకూ శిల్పులకూ ఇచ్చింది గానీ నవలా రచయితలకు ఇవ్వలేదు. మన దేశంలో ఆ హక్కు ఉంది. 1957 కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్ముకున్న తర్వాత కూడా రచన వక్రీకరణను అడ్డుకునే ప్రత్యేక హక్కు రచయితకు మిగిలే ఉంటుంది. దీన్ని సినిమా విషయంలో నిలబెట్టింది ఒక రచయిత్రే. హిందీ నవల ‘ఆప్ కా బంటీ’ని ‘సమయ్ కీ ధారా’గా తీస్తూ పేరు, పాత్రలు, సంభాషణలు, ముగింపు మార్చారని మన్నూ భండారీ కోర్టుకు వెళ్లారు. హక్కుల కాంట్రాక్టు ఏదైనా ఈ సెక్షన్‌కు లోబడే ఉండాలని 1986లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 1994 సవరణ ఈ హక్కును కొంత కుదించింది. వక్రీకరణ వల్ల తన గౌరవానికీ ప్రతిష్ఠకూ భంగం కలిగిందని రచయిత ఇప్పుడు చూపించుకోవాలి. అయినా హక్కు పోలేదు. అది ఉందని తెలియని రచయిత్రులే మనలో ఎక్కువ.

కాబట్టి నవల ఇచ్చేటప్పుడు ‘సలహాదారు’ అన్న మాటకు మురిసిపోవద్దు. స్క్రిప్టు చిత్రీకరణకు ముందే చూపించాలని, ఫలానా మార్పులకు రాతపూర్వక అంగీకారం కావాలని కాంట్రాక్టులో రాయించుకోవాలి. పాత్ర రంగు, కులం, వయసు, వృత్తి కథకు ప్రాణమైతే వాటిని పేరుపెట్టి రాయించాలి. చామనఛాయ అని మనం రాసిన అమ్మాయి టీవీలో ఏ రంగులో ప్రత్యక్షమవుతుందో రోజూ చూస్తున్నదే కదా! ఎంతకాలానికి, ఏ ప్రాంతానికి, ఎంత రాయల్టీకి హక్కు ఇస్తున్నామో స్పష్టంగా ఉండాలి. గడువు రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా లెక్కిస్తుంది.

ఇవన్నీ ఒంటరిగా బేరమాడి సాధించుకోవడం కష్టం. రచయిత్రులు తమ కాంట్రాక్టులు ఒకరికొకరు చూపించుకోవాలి. అందుకు ఈ పత్రికే మొదలు కావాలని కోరుకుంటున్నాం. మీ కథనో నవలనో తెరకు ఇచ్చిన అనుభవం ఉంటే రాయండి. మీ పేరు వద్దంటే వేయం. న్యాయవాదులైన మన మిత్రులతో చర్చించి, ఒక నమూనా కాంట్రాక్టును వచ్చే సంచికల్లో ప్రచురిస్తాం.