ముక్కుకూ మీసానికీ సంబంధం

శ్రీహరికోట నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం వారం రోజులుగా నా బల్లమీద ఉంది. ఆమె కుమారుడికి 15 ఏళ్ళు నిండాయి. చదువులో చురుకైనవాడు, ఆరోగ్యంగా ఉంటాడు. కాని తోటి పిల్లలకు గొంతు మారి నూనూగు మీసాలు వస్తుండగా ఇతనిలో ఆ చిహ్నాలేవీ కనిపించడం లేదు. దీనికి తోడు పుట్టినప్పటినుంచీ అతనికి వాసన తెలియదన్న సంగతి ఈమధ్యనే బయటపడిందట. "మొదటిదానికి ఏ డాక్టరుకు చూపించాలి? రెండోదానికి ఏ డాక్టరుకు చూపించాలి?" అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మీరు రెండు ప్రశ్నలనుకుని రాసినది బహుశా ఒకే ప్రశ్న కావచ్చు. ఈ సంగతి గ్రహించడానికి డాక్టరునైన నాకే పదేళ్ళు పట్టింది. ముందు ఆ ముచ్చట చెబుతాను.

సుమారు పాతికేళ్ళ క్రితం నేను పులికాట్ సరస్సుకు దగ్గరలో ఒక ప్రభుత్వాసుపత్రిలో పనిచేసేవాణ్ణి. ఎండుచేపల వ్యాపారం చేసుకునే ఒక తల్లి 16 ఏళ్ళ కొడుకును తీసుకువచ్చింది. "పొడుగు పెరుగుతున్నాడు గాని పెద్దోడు కావడం లేదు సార్" అన్నది. నేను పైపైన చూసి, "కొందరు ఆలస్యంగా ఎదుగుతారమ్మా, కంగారు పడకు" అని ధైర్యం చెప్పి, ఒక టానిక్కు రాసి పంపించాను. పదేళ్ళ తర్వాత అదే తల్లి అదే కొడుకుతో నన్ను వెతుక్కుంటూ వచ్చింది. అప్పుడతనికి 26 ఏళ్ళు. గొంతు పసిపిల్లవాడి గొంతే, గడ్డం మీద ఒక్క వెంట్రుక లేదు. పెళ్ళి కుదిరింది. కుర్రవాడు తల ఎత్తి నా ముఖం చూడలేకపోతున్నాడు.

ఆ రోజు మాటల సందర్భంలో ఆమె, "ఇంట్లో అన్ని చేపలెండుతుంటే మాకే ముక్కులు బద్దలవుతాయి, వీడికి మాత్రం ఏమీ ఎక్కదు సార్" అన్నది. అప్పుడు తట్టింది నాకు. పదేళ్ళ క్రితం నేను అడగవలసిన ప్రశ్న అదే. అడగలేదు.

ఇంతకూ ముక్కుకూ మీసానికీ ఏమిటి సంబంధం?

తల్లి కడుపులో పిండానికి ఐదారు వారాల వయస్సు వచ్చేసరికి ముఖభాగంలో రెండువైపులా రెండు చిన్న పలకల వంటివి ఏర్పడతాయి. ముక్కు లోపలి వాసన పొర వీటినుంచే తయారవుతుంది. ఆ పొరలో పుట్టిన నాడీకణాలు సన్నని తీగల్ని మెదడువైపు చాస్తాయి. ముక్కు పైకప్పున జల్లెడలాగా చిల్లులున్న ఎముక ఒకటి ఉంది. ఈ తీగలు ఆ చిల్లులగుండా దూరి, మెదడు అడుగున ఉన్న చిన్న మొగ్గలాంటి భాగాన్ని చేరుకుంటాయి. వాసన కబురు మెదడుకు అందేది అక్కడే.

ఈ తీగల అమరిక చాలా చిత్రమైనది. వాసనల్ని పసిగట్టే గ్రాహకాలు మనిషిలో దాదాపు 400 రకాలు, చిట్టెలుకల్లో సుమారు 1000 రకాలు. ఈ గ్రాహకాలకు మూలమైన జన్యువులను 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ కనుగొన్నారు. అందుకు వారికి 2004లో నోబెల్ బహుమతి లభించింది. ఒక్కొక్క నాడీకణం ఒక్క రకం గ్రాహకాన్నే ధరిస్తుంది. ఒకే రకం కణాలు ముక్కులో ఎక్కడెక్కడో చెదరి ఉన్నా, వాటి తీగలన్నీ వెళ్ళి మెదడు మొగ్గలో ఒకే చోట కలుసుకుంటాయి. తిరుపతి బస్టాండులో ఎక్కడెక్కడో కూర్చున్న ప్రయాణికులు సూళ్ళూరుపేట బస్సు రాగానే ఆ ఒక్క బస్సు దగ్గరే గుమిగూడినట్లు అన్నమాట. ఈ ఏర్పాటు చాలావరకు పుట్టకముందూ, పుట్టిన తొలి రోజుల్లోనూ స్థిరపడుతుందని ఎలుకల మీద చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. కళ్ళు సరిగా ఆనని పసికందు తల్లి రొమ్మును వెతుక్కోవడంలో వాసన సాయం ఎంతో ఉంది.

ఇక అసలు సంగతి. పిల్లలు పెద్దవాళ్ళు కావాలంటే మెదడులోని హైపోథాలమస్ అనే భాగం నుంచి ఒక హార్మోను విడుదల కావాలి. అది పీయూష గ్రంథిని మేలుకొలుపుతుంది. పీయూష గ్రంథి మగపిల్లల్లో వృషణాలను, ఆడపిల్లల్లో అండాశయాలను మేలుకొలుపుతుంది. ఆ మొదటి హార్మోనును తయారుచేసే కణాలు కొద్ది వేలు మాత్రమే. విచిత్రమేమంటే అవి మెదడులో పుట్టవు, ముక్కు దగ్గర పుడతాయి. ముక్కునుంచి మెదడుకు వెళ్ళే నాడీ తీగల్నే దారిగా చేసుకుని, పిండదశలోనే మెల్లగా ప్రయాణం చేసి హైపోథాలమస్‌ను చేరుకుంటాయి.

శ్రీహరికోటవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. సూళ్ళూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా దీవికి రోడ్డు ఉంది. ఆ రోడ్డే పడలేదనుకోండి. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి తొలి రాకెట్ లేచేదా? రాకెట్ సిద్ధం, ఇంధనం సిద్ధం. మీట నొక్కవలసిన మనుషులు మాత్రం ఈవలి గట్టునే నిలబడి ఉంటారు. కొందరు పిల్లల్లో జరిగేది సరిగ్గా ఇదే. జన్యులోపం వల్ల ముక్కు తీగలు మెదడును చేరవు. కనుక వాసన తెలియదు. ఆ దారిన పోవలసిన హార్మోను కణాలు కూడా దారిలోనే ఆగిపోతాయి. కనుక యౌవనం రాదు. గ్రంథులన్నీ బాగానే ఉన్నా వాటికి ఆజ్ఞ అందదు.

ఈ జబ్బును కాల్‌మన్ సిండ్రోమ్ అంటారు. ఇది వంశపారంపర్యంగా రావచ్చునని 1944లో కాల్‌మన్ అనే వైద్యుడు వివరించాడు. కణాలు దారిలో ఆగిపోయిన వైనాన్ని 1989లో ఒక గర్భస్థ శిశువును పరీక్షించి కళ్ళారా చూశారు. ఇది అరుదైన జబ్బే. మగపిల్లల్లో సుమారు 30 వేల మందిలో ఒకరికి రావచ్చునని అంచనా. ఆడపిల్లల్లో ఇంకా తక్కువ. మేనరికాలవల్లనో, చెడు అలవాట్లవల్లనో వచ్చిందని ఎవరినీ నిందించవద్దు. తెలివితేటలకు ఏ లోటూ ఉండదు.

తల్లిదండ్రులు గమనించవలసిన విషయాలివి:

మగపిల్లలకు 14 ఏళ్ళు నిండినా వృషణాలు పెరగడం మొదలు కాకపోతే, ఆడపిల్లలకు 13 ఏళ్ళు నిండినా రొమ్ములు పెరగకపోతే, 15 ఏళ్ళు నిండినా రజస్వల కాకపోతే డాక్టరుకు చూపించాలి. వీరిలో చాలామంది కేవలం ఆలస్యంగా ఎదిగేవారే. తండ్రికీ, మేనమామకూ అలాగే జరిగి ఉంటుంది. కాని వాసన కూడా తెలియకపోతే "చూద్దాంలే" అని ఒక్క ఏడాది కూడా ఆగవద్దు. చిన్నప్పుడు వృషణాలు సంచిలోకి దిగకపోవడం, గ్రహణం మొర్రి, వినికిడి లోపం వంటివి ఉంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి.

పుట్టుకతో వాసన తెలియని పిల్లవాడు ఆ మాట తానుగా చెప్పడు. ఉన్నదేదో తెలిస్తేగదా లేదని చెప్పడం! "కూర మాడిందిరా" అని అవ్వ అంటే వాడూ అవునని తలూపుతాడు. కాబట్టి జలుబు లేని రోజున కళ్ళు మూయించి కాఫీపొడి, మల్లెపూలు, జీలకర్ర ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టి అడగండి. అమృతాంజనం, కర్పూరం, ఉల్లిపాయ పెట్టవద్దు. వాటి ఘాటు వేరే నరం ద్వారా తెలుస్తుంది. కనుక మోసపోతాం. మధ్యలో వాసన పోవడం వేరు సంగతి. 2020 తర్వాత కోవిడ్‌లో పోయిన వాసన చాలామందికి తిరిగి వచ్చింది. ముక్కులోని కణాలు జీవితాంతం కొత్తవి పుట్టి, పాత దారులనే పట్టుకుని పోగలవు. అసలు దారే పడనివారికి ఆ అవకాశం లేదు.

అనుమానం కలిగితే రక్తంలో హార్మోన్ల పరీక్ష, మెదడుకు ఎం.ఆర్.ఐ. స్కానింగ్ చేయిస్తారు. కొందరిలో ఒక మూత్రపిండమే ఉండదు గనుక పొట్ట స్కానింగ్ కూడా అవసరం. ఈ వైద్యం ఎండోక్రినాలజీ నిపుణుల చేతిలో జరగాలి. తిరుపతిలో స్విమ్స్‌లో ఆ విభాగం ఉంది. మగపిల్లలకు టెస్టోస్టిరాన్, ఆడపిల్లలకు ఈస్ట్రోజన్, ఆపైన ప్రొజెస్టిరాన్ ఇస్తారు. యౌవన చిహ్నాలన్నీ వస్తాయి. ఎముకలు గుల్లబారకుండా ఉండటానికి కూడా ఈ మందులు అవసరం. సంతానం కావాలనుకున్నప్పుడు వేరే ఇంజెక్షన్లున్నాయి, చాలామందికి ఫలితం ఉంటుంది. టానిక్కులతో, పత్రికల్లో ప్రకటించే లేహ్యాలతో ఈ పని జరగదు.

వాసన మాత్రం రాదు. అంచేత గ్యాసు పొయ్యి మంట ఆరిందేమో, రెగ్యులేటర్ కట్టారో లేదో కళ్ళతో చూసుకోవాలి. నిలవ ఉన్న కూర, పాలు మరొకరికి చూపించి మరీ తినాలి.

నా దగ్గరకు వచ్చిన ఆ కుర్రవాడికి ఏడాది తిరిగేసరికి గొంతు బొంగురుపోయింది, గడ్డం గీసుకోవలసిన అవసరం వచ్చింది. కుదిరిన సంబంధం మాత్రం తప్పిపోయింది. పిల్లవాడే వెళ్ళి వాళ్ళకు నిజం చెప్పాడు. తర్వాత మరో ఇంటివారు అన్నీ తెలిసే పిల్లనిచ్చారు. అయినా అతను పోగొట్టుకున్న ఆ పదేళ్ళు నేను తిరిగి ఇవ్వలేను.

కనుక శ్రీహరికోట తల్లీ, ఈ నెలలోనే బయలుదేరండి. డాక్టరు అడగకపోయినా సరే, "మా అబ్బాయికి వాసన తెలియదు" అన్న మాట మీరే ముందుగా చెప్పండి.