వల్లెవేత దారి చూపదు

పొగమంచులో ఒక విమానం నేలమీద దారి తప్పి మరొక విమానానికి అడ్డుపడితే, మర్నాటి పత్రికలో "పైలట్ తప్పిదం" అనే రెండు మాటలు కనిపిస్తాయి. చదివినవారు నిట్టూర్చి పుట తిప్పుతారు. ఆ రెండు మాటల తీర్పు అన్యాయమని నా వాదం. అన్యాయం మాత్రమే కాదు, ప్రమాదకరం కూడా. దోషి దొరికాడనుకోగానే దోషం వెదకడం మానివేస్తాము కదా!

తెలుగు పండితుడికి విమానాలతో పనేమిటని మిత్రులు అడుగవచ్చును. ఈ ప్రమాదాల కథలు చదివి చూడండి. వాటిలో యంత్రాలు చెడిన సందర్భాలకంటె మాటలు చెడిన సందర్భాలే ఎక్కువ. మాట చెడిన చోట మాట్లాడే హక్కు భాషోపాధ్యాయుడికి ఉన్నది.

ముందు పద్ధతి చూద్దాము. విమానం తన నిలుపుచోటు నుండి రన్‌వే వరకు నేలమీద నడిచి వెళ్ళడాన్ని టాక్సీ చేయడం అంటారు. ఏ టాక్సీవే మీదుగా పోవాలో కంట్రోలర్ రేడియోలో చెపుతాడు. పైలట్ దానిని అక్షరం పొల్లుపోకుండా తిరిగి అప్పగిస్తాడు. తరువాత నేలమీది పసుపు గీతలు, దారి పక్క ఫలకాలు, దీపాలు చూసుకుంటూ నడుపుతాడు. ఎండ కాస్తున్నప్పుడు టవరులోని కంట్రోలర్‌కు విమానం కంటికి కనిపిస్తూనే ఉంటుంది. మంచు కమ్మితే పైలట్‌కు ముందున్న నాలుగు దీపాలు తప్ప మరేమీ కనబడవు. టవరు అద్దాల్లో తెల్లదనం తప్ప మరేమీ ఉండదు. నేలను చూసే రాడార్ కూడా లేకపోతే, ఇద్దరి మధ్య మిగిలేది అప్పగించిన పాఠం ఒక్కటే.

పాఠం అప్పగించగానే అర్థమైనట్టేనా? ముప్పై ఏళ్ళకు పైగా పద్యాలు అప్పగింపించుకున్నవాణ్ణి. పద్యం తడుముకోకుండా చదివి, భావం అడిగితే పైకప్పు చూసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. నోటికి వచ్చినది బుద్ధికి అందిందని ఏ ఉపాధ్యాయుడూ నమ్మడు. విమానాశ్రయాలు మాత్రం చాలాకాలం నమ్మాయి.

ఇటలీలోని మిలాన్ నగరపు లినాటే విమానాశ్రయంలో 2001 అక్టోబరు 8 ఉదయం జరిగినది ఇదే. దట్టమైన పొగమంచు. సెస్నా సైటేషన్ అనే చిన్న జెట్ విమానాన్ని ఆర్5 అనే దారిలో రమ్మన్నారు. అది రన్‌వే కొసను చుట్టి పోయే దారి. పైలట్ ఆర్5 అని సరిగానే అప్పగించాడు. గీతలు చీలిన చోట విమానం మాత్రం ఆర్6 పట్టింది. అది రన్‌వేను అడ్డంగా దాటే దారి. అప్పుడే కోపెన్‌హాగన్‌కు బయలుదేరిన స్కాండినేవియన్ సంస్థ ఎండీ-87 విమానం పూర్తి వేగంతో వచ్చి దానిని ఢీకొన్నది. రెండు విమానాలలోని 114 మందీ, సామాన్ల షెడ్డులో పనిచేసుకుంటున్న నలుగురూ, మొత్తం 118 మంది మరణించారు.

ఇందులో నన్ను కలవరపరచే ఘట్టం ఢీకొనడానికి ముందటిది. దారి తప్పిన పైలట్ తాను ఎస్4 సమీపిస్తున్నానని రేడియోలో చెప్పాడు. ఎస్4 అనే గుర్తు ఆర్6 దారి మీద నిజంగానే రాసి ఉన్నది. అధికారిక పటంలో లేదు. కంట్రోలర్‌కు అటువంటి పేరొకటి ఉన్నదనే తెలియదు. స్థానం మళ్ళీ అడిగాడు, ఆ జవాబుతోనూ విషయం తేలలేదు. విమానం తాననుకున్న చోటనే ఉన్నదన్న భావంతో ముందుకు సాగనిచ్చాడు. చెప్పేవాడికీ వినేవాడికీ ఒకే అర్థం స్ఫురిస్తేనే అది శబ్దమని మన శాస్త్రం. ఒకరికే తెలిసిన పేరు పేరే కాదు, వట్టి ధ్వని. పైలట్ నోటివెంట సత్యం వెలువడింది. దానిని గ్రహించడానికి అవతల నిఘంటువు లేదు.

పైగా అక్కడి పాత నేల రాడార్‌ను 1999లోనే పక్కన పెట్టారు, కొత్తది పనిలోకి రాలేదు. దారి గుర్తులు ప్రమాణాలకు తగినట్టు లేవు. సైటేషన్ పైలట్లకు అంత తక్కువ దృశ్యతలో నడిపే అర్హత లేదన్నదీ నిజమే. దానిని నేను దాచను. అయితే అర్హత లేనివారిని ఆపే ఏర్పాటు కూడా ఆ విమానాశ్రయంలో లేదు. 2004లో మొదటి న్యాయస్థానం కంట్రోలర్‌తో పాటు పై అధికారులకూ శిక్ష వేసింది. ఆ న్యాయస్థానానికి కనిపించినది మన పత్రికా శీర్షికలకు ఎందుకు కనబడదు?

"సందేహం కలిగితే ఆగిపోవాలి, నియమం ఉన్నది కదా" అంటారు కొందరు. మంచి నియమమే. కాని సందేహం కలగడానికి కూడా ఒక ఆధారం కావాలి. దారి తప్పినవాడు తాను తప్పానని తెలియకనే ముందుకు పోతాడు. ఆర్6 మీద ఉన్నావని కొట్టొచ్చినట్టు చెప్పే ఫలకం ఉంటేనే ఆర్5 అప్పగించినవాడు ఉలిక్కిపడతాడు.

సందేహం కలిగినా నోరు విప్పడానికి సిగ్గు అడ్డుపడుతుంది. 1990 డిసెంబరు 3న అమెరికాలోని డెట్రాయిట్‌లో మంచులో దారి తప్పిన డీసీ-9 విమానం వాడుకలో ఉన్న రన్‌వే మీదికి చేరింది. బోయింగ్ 727 దానిని ఢీకొని ఎనిమిది మంది పోయారు. కెప్టెన్ చాలా ఏళ్ళ విరామం తరువాత విధుల్లోకి వచ్చినవాడు. సహపైలట్ దారి తనకు తెలిసినట్టే మాట్లాడాడు. తెలియదన్న మాట సకాలంలో బయటికి రాలేదు. అక్కడా గుర్తుల లోపం, దీపాల లోపం ఉన్నట్టు దర్యాప్తు తేల్చింది.

దీనికి ఎదురుగా మరొక దృష్టాంతం. 1999 డిసెంబరు 6న అమెరికాలోని ప్రావిడెన్స్‌లో యునైటెడ్ విమానం మంచులో దారి తప్పి, తాము రన్‌వే మీద ఉన్నామని చెప్పుకున్నది. కంట్రోలర్ నమ్మలేదు. ఒక సరుకు విమానం వారి సమీపం నుండే ఎగిరిపోయింది. తరువాతి విమానానికీ అనుమతి ఇచ్చారు. ఆ పైలట్లు, తప్పిపోయిన విమానం ఎక్కడున్నదో తేలేవరకు కదలబోమన్నారు. ఎవరికీ ప్రాణహాని జరగలేదు. ప్రాణం పోలేదు కనుక ఆ పైలట్ల వివేకం లోకానికి తెలియలేదు.

కావలసినవి ఏమిటో దశాబ్దాలుగా తెలుసు. పటంలోనూ నేలమీదా ఒకే పేరు ఉండాలి. రన్‌వే ముందర కంట్రోలర్ ఆర్పితే తప్ప దాటరాని ఎర్రదీపాల వరుస ఉండాలి. నేల రాడార్ ఉండాలి. పైలట్ ఎదుట కదిలే పటం ఉండాలి, అందులో తన విమానం ఎక్కడున్నదో తనకే కనబడాలి. ఇవన్నీ నేడు ఉన్నాయి. అన్ని చోట్లా లేవు, అన్ని విమానాలలోనూ లేవు. చిన్న విమానం, చిన్న విమానాశ్రయం అనగానే ఖర్చు గుర్తుకొస్తుంది. లినాటేలో పెద్ద విమానాన్ని కూల్చినది చిన్న విమానమే.

ఇది పాత కథ అనుకునేవారికి 2024 జనవరి 2నాటి టోక్యో హనేడా గుర్తు చేస్తాను. అక్కడ మంచు లేదు, రాత్రి మాత్రమే. బయలుదేరే వరుసలో "నంబర్ వన్" అని కంట్రోలర్ చెప్పగా, తీరరక్షక దళపు విమానం కెప్టెన్ రన్‌వే మీదికి అనుమతి దొరికిందనుకున్నాడు. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం దానిని ఢీకొన్నది. అందులోని 379 మందీ బయటపడ్డారు. చిన్న విమానంలోని ఆరుగురిలో ఐదుగురు మరణించారు. మళ్ళీ మాటే!

డిసెంబరు, జనవరి మాసాలలో మన తెలుగువారు ఎందరో ఢిల్లీ మంచులో విమానంలో కూర్చుని గడియారం చూసుకుంటూ విసుక్కుంటారు. విమానం నేలమీద నత్తలా పాకుతున్నదంటే, ముందు కూర్చున్నవాడు ఒక్కొక్క గుర్తూ చదువుకుంటున్నాడని అర్థం. చదువుకోనివ్వండి. అతడికి చదవదగిన గుర్తులు రాసిపెట్టని వారిని మాత్రం వదలవద్దు.

అభ్యంతరాలున్న మిత్రులు మొగమాటం లేకుండా వ్యాఖ్యలలో రాయండి. ప్రతివాదానికి సిద్ధంగానే ఉన్నాను.