వింతలు – విశేషములు: పందెపు బండిలో చేతియద్దము



శ్రీముఖలింగ ప్రాంతమున, వంశధార యొడ్డు పల్లెలలో, ఎడ్లతో నూర్పులు చేసిన దినములు పెద్దలకు జ్ఞాపకముండును. కళ్ళము నడుమ రాట పాతి, ఎడ్లను వరుసగా గట్టి దాని చుట్టు త్రిప్పెడివారు. రాటకు చేరువనున్న యెద్దు కొంచెము నడచిన చాలును. వెలుపలి యెద్దు చాల దూరము నడువవలెను. ఈ చిన్న సంగతి యెరిగినవారికి అమెరికా దేశపు స్ప్రింటుకారు మర్మము సులభముగా బోధపడును.

ఇది కోడిగ్రుడ్డు ఆకారముగల బాటలపై, ముఖ్యముగా మట్టిబాటలపై, పరుగెత్తు పందెపు బండి. ఇంజను ముందు, నడుపువారు వెనుక, చక్రములపై కప్పులుండవు. పెద్దరకపు బండి బలము సుమారు 900 గుఱ్ఱములు. బరువో, నడుపువారితో గూడ ఇంచుమించు 650 కిలోగ్రాములు. తనంతట కదలలేదు, వేఱొక బండి వెనుకనుండి త్రోయగా ఇంజను మేల్కొనును. పందెములో ఎప్పుడును ఎడమకే తిరుగవలెను గావున, వెనుక కుడిటైరును ఎడమదానికంటె పెద్దదిగా నమర్తురు. రెండు చక్రములును ఒకే యిరుసుతో గలిసి తిరుగును. ప్రతి చుట్టునకును కుడిచక్రము, వెలుపలి యెద్దువలె, ఎక్కువ దూరము పోవును. బండి సహజముగా ఎడమకు మళ్ళును.

ఇట్టి బండ్లకు పూర్వులలో నొకటి ‘మార్మన్ వాస్ప్’. 1911 మే 30వ తేదిన ఇండియానాపోలిస్‌లో జరిగిన మొదటి 500 మైళ్ళ పందెమున రే హారౌన్ దీనితో గెలిచెను. తక్కినవారి ప్రక్కన ఒక మెకానిక్కు కూర్చుండి వెనుక వచ్చు బండ్లను గనిపెట్టుచుండగా, హారౌన్ ఒంటరిగా నడిపెను. ఇది ప్రమాదమని ప్రత్యర్థు లాక్షేపింపగా, ఎదుట నొక అద్దము బిగించుకొనెను. ఒక గుఱ్ఱపుబండికి అట్టి యద్దమును చూచితినని యాతడే చెప్పెను. అయితే అంతకు రెండేండ్లు ముందే, 1909లో, ఆంగ్లవనిత డోరతీ లెవిట్ తన పుస్తకములో, కారు నడుపు స్త్రీలు చేతియద్దమును దగ్గఱ నుంచుకొని, దానిని పైకెత్తి వెనుక దారి చూచుకొనవలెనని వ్రాసియుండెను!

అద్దము లోనికి పోయినది గాని, స్త్రీకి ద్వారము తెఱువబడలేదు. 1971 వఱకు ఇండియానాపోలిస్‌లో బండ్లను సిద్ధపఱచు చోటికైనను స్త్రీలను రానిచ్చెడివారు కారు. 1977లో జానెట్ గత్రీ ఆ పందెమున పాల్గొన్న మొదటి స్త్రీ యయ్యెను. మఱుసటి యేడు మణికట్టు ఎముక విఱిగియున్నను నడిపి తొమ్మిదవ స్థానము పొందెను. 2004లో ఎరిన్ క్రాకర్ కాలిఫోర్నియాలో, మేటి స్ప్రింటుకార్ల పందెమగు ‘వరల్డ్ ఆఫ్ ఔట్‌లాస్’లో గెలిచిన మొదటి స్త్రీ యయ్యెను.

మన యింట బాలిక “బండి నడుప నేర్చుకొందును” అన్నపుడు, “ఆడుపిల్లవు, నీకేల?” యను మాట నోటికి వచ్చునేమో! అంతకు ముందు ఈ యద్దపు కథను ఒక్కసారి తలచుకొనుడు.