బడిలో రెండో పలక

సంపాదకులు గారికి,

ఈమధ్య మా మనవరాలి బడి వార్షికోత్సవానికి కర్నూలు వెళ్లాను. పిల్లలు వరుసగా కూర్చుని, జెంబేలను మోకాళ్ల మధ్య ఇరికించుకుని అరచేతులతో వాయిస్తుంటే హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. పశ్చిమ ఆఫ్రికాలోని గినీ, మాలీ ప్రాంతాల వాద్యమది. మొద్దును తొలిచి మేకతోలు బిగిస్తారు. దాన్ని నేర్పడం తప్పని అనను. అదే మేకతోలును చెక్క చట్రానికి బిగిస్తే డప్పు; దాన్నే మా కడప వైపు పలక అంటారు, కొన్నిచోట్ల తప్పెట. దానికి మాత్రం మన బడుల్లో పీట లేదు.

పలక వాయించడం తేలికేం కాదు. ముందు మంటకు తోలు కాచాలి. వేలితో తట్టి చూసి, మెత్తగా పలికితే మళ్లీ కాచాలి. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సన్నని చిటికెన పుల్ల. ఒకటి నడక పట్టుకుంటే రెండోది సందులు నింపుతుంది. పీర్ల పండగ గుండం దగ్గర ఒక దెబ్బ, జాతరకు ఒకటి, చావుకు ఇంకొకటి. ఇంట్లో కూర్చునే ఏ దెబ్బ ఎందుకో చెప్పే ముసలివాళ్లు ఊరూరా ఉన్నారు.

నేను పంతులమ్మగా ఉన్నప్పుడు చేసిన పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. పంద్రాగస్టుకు పలక వాయించమని ఏడో తరగతి పిల్లవాణ్ణి అడిగాను. వాళ్ల నాయన పేరున్న వాయిద్యగాడు. వాడు తల వంచుకుని, "మా నాయన కొడ్తాడు మేడం. చదువుకోమని కదా పంపిచ్చినాడు" అన్నాడు. ఆ తండ్రిది తప్పు కాదు. తరతరాలుగా పిలిచినప్పుడల్లా పోయి వాయించక తప్పని కులం వాళ్లది. నేను తరగతిలో వాణ్ణొక్కణ్ణే అడిగాను. ఒక్కడి భుజానికే తగిలిస్తే అది వెట్టి. అందరి భుజాలకూ తగిలిస్తేనే చదువు.

జెంబే కూడా పల్లెల్లో పుట్టిందే. స్వాతంత్ర్యం వచ్చాక గినీ ప్రభుత్వం వాయిద్యగాళ్లను జాతీయ బృందాల్లోకి తీసుకుంది. అలా ఎదిగిన మమాడీ కీటా 1991లో బ్రస్సెల్స్‌లో బడి పెట్టి దేశదేశాల వాళ్లకు నేర్పాడు. ఆయన్ను జనం గురువన్నారు. మన పలక వాయిద్యగాణ్ణి ఎవరైనా అలా పిలిచారా?

దారి లేకపోలేదు. 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు సంచి లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గర, కళాకారుల దగ్గర నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానమే చెబుతోంది. కర్నూలు, కడప జిల్లాల విద్యాధికారులకు నా మనవి మూడు ముక్కలు. ఆ రోజుల్లో పలక నేర్పించండి. ఆడపిల్లలూ మగపిల్లలూ, అన్ని కులాలవాళ్లూ నేర్చుకోవాలి. నేర్పేవారికి గంటల లెక్కన జీతం కట్టివ్వండి. డప్పు కళాకారులకు ప్రభుత్వం నెలకు రూ.4,000 పింఛను ఇస్తోంది, మంచిదే. అయితే పింఛను ముసలితనానికి ఆసరా. విద్యకు విలువ కట్టేది జీతమే.

చదువు పాడవుతుందనే తల్లిదండ్రులకు ఒక మాట. జెంబే నేర్చిన మా మనవరాలికి లెక్కల్లో మార్కులు తగ్గలేదు. పలకకైనా తగ్గవు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కడప.