కడెం చుట్టూ ఓ చుట్టు

కడెం ప్రాజెక్టుకు వెళ్లినవాళ్లలో చాలామంది చేసే పని ఒకటే. కట్ట మీద నిలబడి నాలుగు ఫొటోలు దిగడం, చేపల వేపుడు తినడం, చీకటి పడకముందే తిరుగు బస్సెక్కడం. ఎవరో ఒక కుర్రాడికి మాత్రం నీళ్ల అవతల నీలంగా కనిపించే గుట్టల వరసను చూడగానే కాళ్లు ఆగవు. 'ఇటు నుంచి నీటి అంచు పట్టుకుని బయల్దేరితే మళ్లీ ఇక్కడికే రావచ్చు కదా' అంటాడు. పక్కనున్నవాళ్లు సరేనంటారు. అసలు కథ అక్కడ మొదలవుతుంది!

వినడానికి అది గుడి చుట్టూ ప్రదక్షిణలాగే ఉంటుంది. కానీ కడెం గుండ్రటి కోనేరు కాదు. బోథ్ వైపు కొండల్లో పుట్టి, కుంటాల దగ్గర జలపాతమై దూకి వచ్చే వాగుకు అడ్డంగా కట్టిన జలాశయం. పూర్తిమట్టం 700 అడుగులు. నిండితే దాదాపు 7.6 టీఎంసీల నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లు గుట్టల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడికి చొచ్చుకుపోతాయి. అందుకే ఎదురుగా పిలిస్తే పలికేంత దూరంలో ఉన్న గట్టుకు చేరాలంటే, మధ్యలో ఉన్న ఒర్రె మొదలు దాకా పోయి చుట్టి రావాలి. కంటికి కిలోమీటరు, కాలికి మూడు!

కాబట్టి మొదట నడవాల్సింది మ్యాపు మీద. సర్వే ఆఫ్ ఇండియా వారి టోపో పటాల్లో కొండల ఎత్తులను గీతల్లో చూపిస్తారు. నీటి అంచు కూడా అలాంటి గీతే. మట్టం తగ్గితే ఆ గీత కిందికి జారి చుట్టు చిన్నదవుతుంది. అయితే అప్పుడు బయటపడేది రోడ్డు కాదు, మోకాలి లోతు దిగబడే ఒండ్రు. ఇస్రో వారి 'భువన్'లో ఉపగ్రహ చిత్రం చూసి మురిసిపోయేవాళ్లు అది ఏ నెలలో తీసిందో కూడా చూసుకోవాలి.

మరి ఎప్పుడు వెళ్లాలి? వానాకాలం మాట తలపెట్టకపోవడమే మంచిది. కడెం వాగుకు నెమ్మదితనం తెలియదు. 1958లో వరద కట్ట మీదుగా పొర్లి, ఎడమవైపు సుమారు 137 మీటర్ల మేర గండి పెట్టింది. 2022 జులైలో అయిదు లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహం వచ్చిపడితే, దిగువ పల్లెల జనాన్ని ఖాళీ చేయించారు. ప్రాజెక్టు నిలిచిందన్న కబురు వచ్చేదాకా ఎవరికీ కంటి మీద కునుకు లేదు. 2023 జులైలోనూ నీళ్లు గేట్ల పైనుంచి పొంగాయి. పైన ఎక్కడో కురిసిన వాన ఇక్కడ వాగు దాటే మనిషికి కనిపించదు. పొద్దున పిక్కల లోతున్న ఒర్రె మధ్యాహ్నానికి మనిషిని నిలవనీయదు. చుట్టు తిరిగే దారిలో ఇదే పెద్ద చిక్కు. సగం దాటాక ముందుకు పోలేం, వెనక్కీ రాలేం.

పోనీ ఎండాకాలం? వెదురు, టేకు ఆకులు ఎండి చిటపటలాడుతుంటాయి. ఇప్పపూలు ఏరుకునేందుకు చెట్ల కింద పెట్టిన చిన్న నిప్పు కూడా గుట్ట ఎక్కేస్తుంది. తమిళనాడులోని కురంగణి కొండల్లో 2018 మార్చిలో కార్చిచ్చు 20 మందికి పైగా ట్రెక్కర్లను బలి తీసుకుంది. మిగిలింది నవంబరు నుంచి జనవరి చివరిదాకా. అప్పుడు చలి ఉంటుంది, ఒర్రెలు తగ్గుతాయి. కానీ పగలు కూడా తగ్గుతుంది!

ఇక్కడే ఓ చిన్న లెక్క. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఐదు కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. 20 కిలోమీటర్లు నడిచి, మొత్తం 600 మీటర్లు ఎక్కాలంటే ఐదు గంటలన్నమాట. అదీ బాట ఉంటే. వెదురు పొదలు తప్పుకుంటూ, దొర్లే రాళ్ల మీద అడుగులు వేస్తూ పోయేవాళ్లు దాన్ని రెండింతలు చేసుకోవాలి. అంటే పది గంటలు. డిసెంబరులో వెలుతురుండేది సుమారు 11 గంటలే. సద్ది విప్పి తినడానికి, దారి తప్పడానికి, ఒకరి కాలు మెలిక పడితే ఆగడానికి మిగిలేది ఒక్క గంట! అందుకే 'మధ్యాహ్నం పన్నెండుకు సగం దాటకపోతే వెనక్కి' అనే షరతు బయల్దేరేముందే పెట్టుకోవాలి. అక్కడికెళ్లాక పెట్టుకుంటే ఎవరూ వినరు.

ఇన్ని లెక్కలూ కుదిరినా ఇంకో గడప ఉంది. జలాశయం వెనకున్న అడవి కవ్వాల్ అభయారణ్యానిది. 2012లో దాన్ని టైగర్ రిజర్వుగా ప్రకటించారు. మహారాష్ట్రలోని తాడోబా నుంచి పులులు నడిచొచ్చే దారి ఇటే. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలో అడుగుపెట్టడం నేరం. పులుల కోసమే కడెం మండలంలోని మైసంపేట, రాంపూర్ గూడేలవాళ్లు పుట్టిన నేల వదిలి కొత్త ఇళ్లకు తరలిపోయారు. వాళ్లు వదిలేసిన చోట సరదాకు గుడారం వేస్తామనడం ఏం బాగుంటుంది?

అందువల్ల పూర్తి చుట్టు చేసి తీరతామన్న పట్టుదల కంటే, అటవీ శాఖ డివిజన్ కార్యాలయానికి ముందే వెళ్లి, మ్యాపు పరిచి, ఎక్కడిదాకా నడవనిస్తారో అడగడమే తెలివైన పని. కోర్ ఎక్కడ, బఫర్ ఎక్కడ అన్నది వాళ్ల పటమే చెప్పాలి. అనుమతి దొరికిన మేర కట్ట వైపు గుట్టలు ఎక్కి దిగడం, మిగతా అడవిని జన్నారం నుంచి సఫారీ జీపులో చూడటం... చక్రం పూర్తికాకపోయినా రెండు రోజులకు సరిపడా పని. తోడుగా అడవి తెలిసిన స్థానికుడు ఉండాల్సిందే. పశువుల బాట నీళ్ల దగ్గరికి పోతుందో, పొదల్లోకి పోతుందో అతనికే తెలుస్తుంది.

కరీంనగర్ నుంచి వచ్చేవాళ్లు జగిత్యాల, ధర్మపురి మీదుగా రాయపట్నం వంతెన దాటి లక్షెట్టిపేట, జన్నారం దారి పట్టొచ్చు. ఆదిలాబాద్ వాళ్లకు నిర్మల్, ఖానాపూర్ దారి ఉంది. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, రెండు పూటలా పాడవని సర్వపిండి, పల్లీపట్టీలు, టార్చి, దోమల మందు. లోపల ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకూడదు. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో కాగితం మీద రాసి కడెంలో ఒకరి చేతికిచ్చి, ఆ వేళకు రాకపోతే ఎవరికి చెప్పాలో కూడా కిందే రాయాలి.