అమ్మాయి బేంకాక్ వెళ్తానంటే...

"మా అమ్మాయికి బేంకాక్ దగ్గర పైచదువుకి సీటొచ్చింది. మా ఆడపడుచు 'ఆడపిల్లని ఆ ఊరు పంపిస్తారా, రేపు సంబంధాలు ఎలా వస్తాయి?' అంటోంది. మావారు ఏ సంగతీ తేల్చరు. నన్నేం చెయ్యమంటారు?" అంటూ రాజోలు వైపు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు.

పంపించమనో వద్దనో ఒక్క ముక్కలో చెప్పేస్తే నా పని తేలికే. కానీ ఇదే ప్రశ్న మా ఇంట్లోనూ వచ్చింది. అందుకని ఆ సంగతులే మీకు చెబుతాను. ఆపైన ఆలోచించుకోవలసింది మీరే.

మా అక్కది భీమవరం దగ్గర పల్లెటూరు. బావగారికి రొయ్యల చెరువులున్నాయి. ఆ సాగు ఎలాంటిదో డెల్టా వాళ్ళకి వేరే చెప్పాలా! 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చినప్పుడు టైగరు రొయ్య వేసిన ఇళ్ళల్లో ఎందరి మెళ్ళో గొలుసులు తాకట్టుకి వెళ్ళాయో! మా అక్క గాజులూ అప్పుడే వెళ్ళాయి, మళ్ళీ రాలేదు. 2009లో వెనామీ రొయ్యకి అనుమతి వచ్చాక చెరువులు మళ్ళీ నిండాయి గానీ, పంట పట్టేదాకా ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకుండదు. ఆ ఇంట్లో పెరిగింది కనకనే అక్క కూతురు "రొయ్య ఎందుకు చస్తోందో తెలుసుకోవాలి పిన్నీ" అంటూ ఆ చదువే పట్టుకుంది. డిగ్రీ అయ్యాక థాయ్‌లాండ్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీటు తెచ్చుకుంది.

ఇంక చూడండి! బేంకాక్ అన్న మాట వినగానే ఇంట్లో నిప్పులు పోసినట్టయింది. మేనత్త ఒకటంది, వీధిలోవాళ్ళు రెండన్నారు. బావగారు బ్యాంకు అప్పు కాగితాల మీద సంతకం పెట్టారు గానీ, మా అక్క మాత్రం మెత్తబడలేదు. పిల్ల రైలెక్కే రోజున ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి ఇచ్చింది, అంతే. పెదవి విప్పి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తరవాత ఫోనొస్తే బావగారి చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఇంతకీ ఆ విద్యాసంస్థ బేంకాక్ నడిబొడ్డున లేనే లేదు. ఊరికి ఉత్తరంగా నలభై కిలోమీటర్ల దూరంలో, పథుంథాని అనే చోట ఉంది. 1959లో మొదలైంది. డిగ్రీ పూర్తయినవాళ్ళకి పైచదువులు చెబుతారు, పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. చుట్టుపక్కల ఏముందంటారా? కాలవలు, వరిచేలు! ధవళేశ్వరంలో కాటన్ దొర 1847-52 మధ్య ఆనకట్ట కట్టించి మన డెల్టాకి కాలవలు తెచ్చినట్టే, అక్కడ చావో ఫ్రయా నది డెల్టాలో వరిసాగు కోసం 1890ల్లో రంగ్‌సిత్ కాలవలు తవ్వించారు. మనకి 1986 గోదావరి వరద ఎలాగో, వాళ్ళకి 2011 వరద అలాగ. ఆ ఏడు ఈ విద్యాసంస్థ ఆవరణ కూడా నీట మునిగింది. "పిన్నీ, నేను పరాయి దేశం వచ్చానా, పాలకొల్లు దాటి ఇంకో ఊరొచ్చానా తెలియడం లేదు" అని మొదటి వారంలోనే రాసింది మా పిల్ల.

భాషలోనూ అదే తమాషా. గురువుని 'ఖ్రూ' అంటారు, కాలేజీలో పాఠం చెప్పేవారు 'ఆచాన్', అంటే మన ఆచార్యుడే. భాష 'ఫాసా', ఆహారం 'ఆహాన్', విద్యాలయం 'విత్తయాలై'. పలకరింపుగా 'సవత్‌డీ' అంటూ రెండు చేతులూ జోడిస్తారు. అది మన 'స్వస్తి' నుంచి వచ్చిన మాట. మనవాళ్ళు దిగే విమానాశ్రయం పేరే సువర్ణభూమి. పాత రాజధాని అయుత్థయ, మన అయోధ్య పేరే. వాళ్ళకీ ఒక రామాయణం ఉంది, దాన్ని రామకియెన్ అంటారు.

అన్నీ మనలాగే అనుకుని చొరవ చేస్తే మాత్రం పొరపాటే. మనం చిన్నపిల్లల తలమీద చెయ్యివేసి దీవిస్తాం. అక్కడ పరాయివాళ్ళ తల తాకడం అమర్యాద. ఎవరివైపూ పాదాలు చాపి కూర్చోకూడదు. ఆడవాళ్ళు బౌద్ధ భిక్షువులని తాకకూడదు. ఇలాంటివి ముందే తెలుసుకుని వెళ్తే పిల్లలు నలుగురిలో చిన్నబోకుండా ఉంటారు.

ఇక తిండి. అన్నం, కొబ్బరిపాలు, చింతపండు, పనసపండు, చేపలు... కోనసీమ పిల్లకి లోటేమీ ఉండదు. కూరగాయల వంటకాల్లో కూడా చేపల నుంచి తీసిన పులుసు పోస్తారు, శాకాహారులకి అదే ఇబ్బంది. అందుకు 'జే' అని అడగాలట. పసుపుపచ్చ జెండామీద ఎర్ర అక్షరాలు కనిపిస్తే అది జే భోజనం. మాంసం, చేపలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మా పిల్ల కార్తీకమాసం నియమం తప్పకుండా గడిపింది దాంతోనే. పప్పులు, ఇంగువ కావాలంటే బేంకాక్‌లో ఫాహురత్ అనే బజారుంది, మనవాళ్ళ దుకాణాలన్నీ అక్కడే.

అది రాసి పంపిన ఒక పిండివంట మీకూ చెబుతాను. పేరు ఖనోమ్ ఖ్రోక్. మన గుంతపొంగనాల పెనం ఉంటే చాలు. గ్లాసు బియ్యప్పిండిని రెండు గ్లాసుల పల్చటి కొబ్బరిపాలతో, చెంచాడు పంచదార, చిటికెడు ఉప్పు వేసి జారుగా కలిపి అరగంట ఉంచండి. అర గ్లాసు చిక్కటి కొబ్బరిపాలలో రెండు చెంచాల పంచదార, కాస్త ఉప్పు కరిగించి పక్కన పెట్టుకోండి. పెనం బాగా కాగాక గుంటలకి నూనె రాసి, ముప్పాతిక వంతు పిండి పొయ్యండి. అంచులు గట్టిపడగానే పైన చెంచాడు చిక్కటి పాలు పోసి, నాలుగు ఉల్లికాడ ముక్కలు చల్లి మూతపెట్టండి. తిరగెయ్యకూడదు. అడుగు ఎర్రగా వేగాక తీసి, రెండేసి కలిపి వేడివేడిగా పెట్టండి. తియ్యగా, ఉప్పగా బలే ఉంటాయి.

అసలు సంగతికొస్తాను. ఆ కార్తీక పౌర్ణమికి మా అక్క ఊళ్ళో కాలవ రేవుకి వెళ్ళింది. అరటిదొప్పలో ఆవునేతి దీపం పెట్టి వదలబోతుంటే బావగారి ఫోను మోగింది. అప్పుడు మనకి సాయంత్రం ఆరు, అక్కడ ఏడున్నర. వాళ్ళ గడియారం మనకంటే గంటన్నర ముందు. బావగారు ఫోనులో బొమ్మ అక్కకి చూపించారు. అక్కడా కాలవే, అక్కడా పున్నమే! అరటిబోదె ముక్క చుట్టూ ఆకు మడిచి పువ్వులా కుట్టి, మధ్యలో పూలు, అగరొత్తులు, కొవ్వొత్తి పెట్టి జనం నీళ్ళల్లో వదులుతున్నారు. దాన్ని లాయ్ క్రథోంగ్ అంటారు. వాళ్ళ లెక్కన పన్నెండో నెల పౌర్ణమి, చాలా ఏళ్ళు మన కార్తీక పౌర్ణమి దగ్గరే పడుతుంది. ఏడాదంతా నీళ్ళు వాడుకున్నందుకు, మురికి చేసినందుకు 'ఖోంఖా' తల్లిని క్షమాపణ వేడుకుంటారు. ఖోంఖా అంటే ఎవరనుకున్నారు? మన గంగమ్మే!

"అమ్మా, నీ పేరున కూడా ఒక దీపం వదిలాను" అంది పిల్ల. మా అక్క చాలాసేపు మాట్లాడలేదట. చివరికి "అన్నం తిన్నావా?" అంది. అంతే, మూణ్ణెల్ల మౌనం ఆ మాటతో తీరిపోయింది. అటునుంచి పిల్ల నవ్వేసి, "ఇక్కడా ఎవరు కనిపించినా ముందు అదే అడుగుతారమ్మా, అన్నం తిన్నావా అని" అంది. నిజమే, థాయ్ వాళ్ళ పలకరింపుల్లో అదొకటి.

ఆ రాత్రి పిల్ల నాకు ఫోన్ చేసి ఇంకో మాట కూడా చెప్పింది. "మనం కాలవకి దీపం పెడతాం. ఆ కాలవలోకే చెరువుల నీళ్ళు వదులుతాం. కింద ఊళ్ళవాళ్ళు ఆ నీళ్ళే తాగాలి. రొయ్య ఎందుకు చస్తోందో అని వచ్చాను గానీ పిన్నీ, కాలవ ఎందుకు చస్తోందో కూడా నేర్చుకోవాలి." మర్నాడు అక్కడ నగరపాలకులు నీళ్ళల్లోంచి ఆ దొప్పలన్నీ తీయించి, ఎన్ని ఆకువి, ఎన్ని థర్మోకోల్‌వి అని లెక్క ప్రకటిస్తారట. లెక్క లక్షల్లో ఉంటుంది. మన రేవుల్లో పోలిపాడ్యమి మర్నాడు అలా ఎవరైనా లెక్కపెడుతున్నారా? కాస్త ఆలోచించండి.

ఇక ఉత్తరం రాసిన సోదరికి. అమ్మా, ఊరి పేరు చూసి బెదరకండి. హైదరాబాద్ నుంచి అక్కడికి విమానంలో మూడున్నర గంటలు. రాజోలు నుంచి హైదరాబాద్‌కే అంతకంటే ఎక్కువసేపు పడుతుంది కదా! బెంగపడవలసినవి వేరే ఉన్నాయి, అవి విచారించండి. ఆ చదువుకి ఇక్కడ విలువ ఉందా? ఫీజు, హాస్టలు, తిండి కలిపి రెండేళ్ళకి ఎంతవుతుంది, స్కాలర్‌షిప్ ఎంతొస్తుంది? అప్పు తీర్చే దారేది? ఆవరణలోనే బస ఉందా? వీసా చదువు కోసం ఇచ్చిందేనా? అక్కడ ఉన్నన్నాళ్ళూ తొంభై రోజులకోసారి ఇమ్మిగ్రేషన్ వారికి చిరునామా తెలపాలి, అది మరవొద్దని అమ్మాయికి చెప్పండి. ఇప్పటికే అక్కడ చదువుతున్న మన పిల్లలెవరితోనైనా ఒకసారి మాట్లాడించండి.

మీ ఆడపడుచుగారి భయం చెడ్డది కాదు, మేనకోడలి మీద ప్రేమే. ఆవిడనీ కూచోబెట్టి ఈ లెక్కలు చూపించండి. మనందరికీ పోలి స్వర్గం కథ తెలుసు కదా! అత్తగారు నదికి తీసుకెళ్ళకపోతే, పెరట్లో రాలిన పత్తితో, కవ్వానికి అంటిన వెన్నతో దీపం పెట్టుకుంది పోలి. వెలిగించాలనుకున్న పిల్ల ఎక్కడున్నా వెలిగిస్తుంది. బుట్ట కింద దాచుకోవలసిన అవసరం మన పిల్లలకి రాకుండా చూడటమే మన వంతు.

ఒకవేళ పంపించాలనే నిశ్చయిస్తే, రైలెక్కించేటప్పుడు మా అక్కలా మూగనోము మాత్రం పట్టకండి. ఆవకాయతోబాటు ఒక మంచి మాట కూడా కట్టి ఇవ్వండి. మూణ్ణెల్లు ఆ మాట కోసం పిల్ల ఎంత ఎదురుచూసిందో నాకు తెలుసు.