ముక్కు మూసుకున్నవాళ్ళూ, కళ్ళు మూసుకున్నవాళ్ళూ

గత సంచికలో ఒక మిత్రుడు ధ్యాన బృందాల మీద రాసిన వ్యాసం చదివాను. ఆయన వాదం క్లుప్తంగా యిది: బౌద్ధం పేరుతో పేటల్లో వెలుస్తున్న ధ్యాన బృందాలు పీడిత ప్రజానీకానికి కొత్త మత్తుమందు, అవి చేసే సేవ ఆ మందుకు పూసిన బెల్లం, అభ్యుదయవాదులు వాటిని ఆమడ దూరంలో వుంచాలి. పదేళ్ళ క్రితమైతే నేనూ యిదే రాసేవాణ్ణి. అందుకే అందులో యేది పుస్తకం చూసి రాసిందో, యేది మనుషుల్ని చూసి రాసిందో నాకు తేలిగ్గా తెలిసింది. మనుషుల్ని చూసి రాసింది ఒక్క ముక్కా లేదు.

మా పట్టణం సంగతి చెబుతాను. మాదిగవాడలో ఒక పెంకుటింటి గది వుంది. అందులో మనవాళ్ళే ఒకప్పుడు రాత్రిబడి నడిపారు. నేను రెండేళ్ళు తెలుగూ, సాంఘికశాస్త్రమూ చెప్పాను. తర్వాత మహాసభలు వచ్చాయి, ఎన్నికలు వచ్చాయి, చెప్పేవాళ్ళం పలచబడ్డాం. ఒక యేడు జూన్‌లో బడి తెరవలేదు. అన్నిటికీ తీర్మానాలు చేసే మనం, మూసేస్తున్నామని తీర్మానం మాత్రం చెయ్యలేదు.

ఆ వాడ కుర్రాడొకడు నాగపూరు వెళ్ళి, అక్కడి నాగలోకలో వున్న నాగార్జున శిక్షణ సంస్థలో కొన్ని నెలలు వుండి, 2016లో తిరిగొచ్చాడు. అదే గది తాళంచెవి అడిగి తీసుకున్నాడు. మొదటి ఆదివారం యేడుగురు కూర్చున్నారట. ఇరవై నిమిషాలు వూపిరిని గమనించడం, ఆ తర్వాత మైత్రీభావన, ఆ తర్వాత పదో తరగతి లెక్కలు. ఇప్పుడు ఆదివారాలు నలభైమందికి పైగా వస్తున్నారు. గది చాలక వీధిలో పరదా పరుస్తున్నారు. స్కాలర్‌షిప్పు దరఖాస్తులు, పింఛను కాగితాలు అక్కడే రాసిపెడతారు. 2021 వేసవిలో కరోనాతో చనిపోయినవాళ్ళను ముట్టుకోవడానికి సొంతవాళ్ళే జంకినప్పుడు ఆ కుర్రాళ్ళు పాడె మోశారు. గురువారం సాయంత్రాలు ఆడవాళ్ళకు. వాళ్ళలో చాలామంది మిరపకాయల తొడిమలు తీసే కూలీలు. పొద్దల్లా ఘాటు పీల్చి దగ్గేవాళ్ళను కూర్చోబెట్టి వూపిరి చూసుకోమనడం నాకు మొదట యెగతాళిలా తోచింది. తర్వాత తెలిసింది: కూర్చున్నప్పుడే యెవరి రొమ్ము యెంత పాడైందో బయటపడి, వాళ్ళే ఒక డాక్టరును బతిమాలి నెలకోసారి రప్పించుకుంటున్నారు.

యిది ఆకాశం నుంచి వూడిపడ్డది కాదు. 1956 అక్టోబరు 14న నాగపూరులో అంబేద్కరు లక్షలమందితో బౌద్ధం స్వీకరించాడు. యేడు వారాలు గడిచాయో లేదో, డిసెంబరు 6న ఆయన పోయాడు. కులం కాడి పక్కన పడేసిన జనానికి తర్వాత యేం చెయ్యాలో చెప్పేవాళ్ళు లేకపోయారు. ఆయన పోయిన రోజున నాగపూరులో వున్న ఆంగ్లేయ భిక్షువు సంఘరక్షిత ఆ కొద్దిరోజులూ వాడవాడకూ తిరిగి మాట్లాడాడు. ఆయన శిష్యులే 1979లో మన దేశంలో త్రైలోక్య బౌద్ధ మహాసంఘ సహాయక గణాన్ని పెట్టారు. 2010 నుంచి దాని పేరు త్రిరత్న బౌద్ధ మహాసంఘం. పూనా శివారు దాపోడీ వంటి చోట్ల ధ్యానం తరగతులతో పాటు శిశుతరగతులు, వైద్యం, పిల్లల వసతిగృహాలు లేచాయి. మతం మారినందుకు ఆ జనం చెల్లించిన మూల్యమూ చిన్నది కాదు. షెడ్యూల్డు కులాల జాబితా బౌద్ధులకు వర్తించింది 1990లో. అంటే ముప్పైనాలుగేళ్ళ తర్వాత. ఆ కాలంలో వసతిగృహంలో ఒక మంచం దొరకడమంటే చదువు దొరకడమే.

విదేశీ డబ్బు అని మిత్రుడు పెదవి విరుస్తాడు. విదేశీ డబ్బు వున్నమాట నిజం. బ్రిటనులో కరుణా ట్రస్టువాళ్ళు యిల్లిల్లూ తలుపు తట్టి పోగుచేసిన చందాలు వాటిలో పెద్ద భాగం. చందా పుస్తకంతో గుమ్మాలు తొక్కడం మనకు తెలియని విద్యేమీ కాదు, మరిచిపోయిన విద్య. సంఘరక్షిత నడవడి మీద ఆయన శిష్యులే తీవ్రమైన ఆరోపణలు చేశారు, 2016 చివర ఆయన బహిరంగంగా విచారం ప్రకటించాడు. అదీ దాచవలసింది కాదు. కాని వాడలో లెక్కలు నేర్చుకుంటున్న పిల్లకు దానితో యేం నిమిత్తం?

ఇక నల్లమందు. మార్క్సు 1844లో మతాన్ని గురించి రాసిన ఆ పేరాలో మనం ఒక్క వాక్యం కంఠస్థం చేసి, దాని ముందున్న వాక్యాలు వదిలేశాం. పీడితుడి నిట్టూర్పు వాటిలోనే వుంది. రాహుల్ సాంకృత్యాయన్ బౌద్ధ భిక్షువుగా వుండి రైతు పోరాటాల్లో జైలుకు పోయి కమ్యూనిస్టయ్యాడు. ఆయన పుస్తకాలు తెలుగులో చదివి యెర్రబడినవాళ్ళం, ఆయన యే దారిన వచ్చాడో మరిచాం. పాళీ పండితుడు ధర్మానంద కోశాంబి 1937లో బహుజన విహారం పెట్టింది బొంబాయి మిల్లు కార్మికుల పేట పరేల్‌లో. ఆయన కొడుకే మన చరిత్రకారుడు డి.డి. కోశాంబి. అంబేద్కరు తన చివరి గ్రంథం ముందుమాటలోనే భిక్షువు దేనికని నిలదీశాడు: తన ముక్తి తాను చూసుకునే స్వార్థపరుడా, జనసేవకుడా అని. ధ్యాన బృందాలకు మనం వెయ్యవలసిన ప్రశ్న కూడా అదే. ఆ ప్రశ్న వెయ్యాలంటే వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళాలి కదా!

అన్ని బృందాలనూ ఒకే గాట కట్టమని నేననడం లేదు. తీహారు జైల్లో 1994లో వెయ్యిమందికి పైగా ఖైదీలను ఒక్కసారిగా విపశ్యన ధ్యానానికి కూర్చోబెట్టారు. కోపం తగ్గిందన్నారు; తగ్గే వుంటుంది. కాని యీ దేశపు జైళ్ళలో వున్నవాళ్ళలో నాలుగింట మూడు వంతులు విచారణ ముగియనివాళ్ళే. నేరం రుజువు కానివాడికి ఓర్పు నేర్పి, వాయిదాలు వేసేవాడికి యేమీ నేర్పకపోవడం యెవరికి సేవ? సర్కారు బౌద్ధమూ వుంది. హుస్సేన్‌సాగర్‌లో నిలబెట్టడానికి 1990లో బుద్ధ విగ్రహాన్ని తీసుకుపోతుంటే అది నీళ్ళలో పడి కొందరి ప్రాణాలు తీసింది. 1992లో విగ్రహాన్ని పైకి తీసి నిలబెట్టారు. చూడవచ్చేవాళ్ళు ఫోటోలు తీసుకుంటారు. పోయినవాళ్ళ పేర్లు యెవరూ అడగరు.

మా వూరి బృందంతో నాకున్న తగాదా వేరు. 2023 డిసెంబరు ఆఖరి వారంలో రాష్ట్రమంతటా మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. ఆ గదికి వచ్చే పిల్లల్లో సగంమంది తల్లులు చీపురు పట్టేవాళ్ళే. బృందం శిబిరానికి మజ్జిగా పులిహోరా పంపింది, జ్వరాలొస్తే మాత్రలిచ్చింది. శిబిరంలో మాత్రం కూర్చోలేదు. నేను వెళ్ళి పోట్లాడాను. “మీ అమ్మ జీతం ధ్యానంతో పెరుగుతుందా? మైత్రీభావన కమిషనరు మీద కూడా చేస్తున్నావా?” అని అడిగాను.

కుర్రాడికి కోపం రాలేదు. అదే నాకు మరింత కోపం తెప్పించింది. “చేస్తున్నాను మాస్టారూ,” అన్నాడు. “జెండా కింద కూర్చుంటే రేపు మా గదిని కూడా పార్టీ గది అంటారు, సగంమంది రారు. మీరు సమ్మె రోజున వస్తారు. మేం మిగతా రోజులు కూడా యిక్కడే వుంటాం.”

ఆ మొదటి మాట తప్పు. యిప్పటికీ తప్పే అంటాను. తల్లి జీతం సంగతి వచ్చినప్పుడు తటస్థంగా వుండే కరుణ యజమానికే పనికొస్తుంది. దాతలకు పంపే నివేదికలో మజ్జిగకు చోటుంటుంది, సమ్మెకు వుండదు. యిదే మాట వాడికి చెప్పాను, రాసి కూడా యిచ్చాను. వాడి రెండో మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేక, ఆ వచ్చే ఆదివారం నుంచి తెలుగు పాఠం చెప్పడానికి వెళుతున్నాను. ఊపిరి గమనించే యిరవై నిమిషాలూ బయట అరుగు మీద కూర్చుంటాను. లోపలికి రమ్మని యెవరూ అడగలేదు, బయటెందుకని కూడా అడగలేదు. సమ్మె మీద మా వాదం ఆ అరుగు మీదే సాగుతోంది. ఈమధ్య యిద్దరు ఆడవాళ్ళు నా పక్షం మాట్లాడుతున్నారు.

వ్యాసం రాసిన మిత్రుడు లెక్కల అధ్యాపకుడు. మార్చిలో పరీక్షలు. ఆ గదిలో యిరవైమంది పిల్లలకు బీజగణితం చెప్పేవాళ్ళు లేరు. ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు పాఠం మొదలవుతుంది; ధ్యానం అప్పటికి అయిపోతుంది కనక ఆయన సిద్ధాంతానికి వచ్చే ముప్పేమీ లేదు.